మూత తెరిచే కమిటీ

"ఇకమీదట మన తాలూకాలో ఏ ముసలి చెయ్యీ ఏ మూత ముందూ ఓడిపోదు!" అని బాగేపల్లి తాలూకా బోర్డు అధ్యక్షులు రామచంద్రప్పగారు బల్ల గుద్ది ప్రకటించారు. సిరాబుడ్డి ఒలికింది. సభ్యులు చప్పట్లు కొట్టారు. ఎదురుగా పాలపొడి డబ్బా చంకలో పెట్టుకుని నిలబడ్డ మిట్టేమరి ఊరి అక్కయమ్మకు మాత్రం ఆ చప్పట్లెందుకో అర్థం కాలేదు. ఆమె అడిగింది అంతకన్నా చాలా చిన్న సంగతి.

"దీని మూత రవ్వంత తీసియ్యండప్పా" అని అడిగింది, అంతే.

ముసలివాళ్ళకు బలం రావాలని మైసూరు సర్కారు ఆ ఏడు ఊరూరా పాలపొడి డబ్బాలు పంచింది. మూత బిగువు చూస్తే, బలం ముందే ఉన్నవాళ్ళకు తప్ప ఆ పొడి అందేలా లేదు. అక్కయమ్మ వేళ్ళు కీళ్ళవాతంతో ఎప్పుడో వంకర్లు తిరిగిపోయాయి. గ్లాసు పట్టాలన్నా రెండు చేతులూ కావాలి. ఇంట్లో కోడలు జయలక్ష్మమ్మ ఉంది, ఒక్క గుంజు గుంజితే మూత ఎగిరిపోతుంది. కానీ ఉగాది నాడు ఓళిగల దగ్గర, అంటే బొబ్బట్ల దగ్గర, మాటకు మాట పెరిగి, "ఇంగ నీ ముందర చెయ్యి చాపితే చూడు" అని అక్కయమ్మ వసారాలో వేరుపొయ్యి పెట్టుకుంది. అప్పటినుంచి నల్లకాఫీ తాగుతోంది. ఊళ్ళో ఎవరిచేత మూత తీయించుకున్నా పొద్దు గుంకేలోగా కోడలి చెవిన పడుతుంది. అందుకే పరువు దక్కించుకోవడానికి బస్సెక్కి బాగేపల్లి దాకా వచ్చింది. సర్కారు ఇచ్చిన డబ్బాను సర్కారే తెరిస్తే అందులో నామోషీ ఏముంది!

రామచంద్రప్పగారు డబ్బాను రెండు చేతులా అందుకున్నారు. మామూలు మనిషైతే అక్కడే మూత తీసి పంపేసేవాడు. ఆయన దూరం చూడగలవారు.

"అమ్మా, ఇది తెరిస్తే నీ కష్టం తీరుతుంది. తాలూకాలో తక్కిన ముసలోళ్ళ గతేమి?"

"వాళ్ళవీ తీయండప్పా. ముందు నాది తీసినాక."

"అట్ల కాదమ్మా. బలం లేని చేతులకి వంటింట్లో ఏ ఓపెనర్ సులభమో సైంటిఫిక్‌గా తేల్చాల. కమిటీ వేస్తాండాము. నీ డబ్బానే శాంపిల్."

శాంపిల్‌ను ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు వచ్చి తెరిచేదాకా ఎవరూ తెరవరాదని బీడీవో మునినారాయణగారు రూలింగ్ ఇచ్చారు. కచేరి జవాను ఆదెప్ప దాన్ని దేవుడి పల్లకీలా మోసుకుపోయి లోపలి గదిలో బీరువాలో పెట్టాడు.

కమిటీలో అధ్యక్షులు, బీడీవో, కంట్రాక్టరు లక్ష్మణప్ప ఉన్నారు. ముగ్గురికీ ఒక గొప్ప అర్హత ఉంది. పుట్టి బుద్ధెరిగాక ముగ్గురూ వంటింటి గడప తొక్కలేదు. మగవాడు వంటింట్లో కనిపిస్తే ఆ ఇంటి ఆడవాళ్ళకు తలవంపులు కదా! కాబట్టి ఏ డబ్బా మీదా, ఏ మూత మీదా కమిటీకి పక్షపాతం లేదు.

మొదటి సభలో బెంగుళూరు నుంచి తెప్పించిన ఓపెనర్లు బల్ల మీద పరిచారు. ఒకదానికి చిన్న చెవి ఉంది, వేళ్ళతో పట్టి తిప్పాలి. ఇంకొకదానికి పొడుగుపిడి, పిడికి మెత్తని రబ్బరు, అరచేత్తో నొక్కితే చాలు. కీళ్ళనొప్పుల బాధ స్వయంగా అనుభవించాలని సభ్యులు వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టించుకున్నారు. నిజంగా వేళ్ళు వంకరపోయిన అక్కయమ్మ వరండాలో కూచుని ఉంది.

"నన్నూ ఒకతూరి పట్టి చూడనీండప్పా" అంది కిటికీలోంచి. "ఆ రబ్బరుది నాకు కుదిరేటట్ల ఉండాది."

"నువ్వు ఫలానుభవివమ్మా" అన్నారు బీడీవోగారు కన్నడ మర్యాదతో. "లాభం పొందేవాళ్ళు పరీక్షలో కూచుంటే న్యాయం చెడిపోతుంది."

శాంపిల్ తెరవరాదు గనక, మరి దేనిమీద పరీక్షించాలి? జన్మలో తాము స్వహస్తాలతో తెరిచిన వస్తువేదని ముగ్గురూ చాలాసేపు ఆలోచించారు. సోడాసీసా ఒక్కటే తేలింది. పేరేసంద్ర నుంచి పెట్టెడు సోడాలు దిగాయి. చెవి ఉన్నది సోడామూతకు పట్టలేదు, తోసేశారు. రబ్బరుపిడిదీ పట్టలేదు, దాన్నీ తోసేశారు. లక్ష్మణప్ప తన జేబులోంచి తీసిన సోడా ఓపెనర్ మాత్రం ప్రతి సీసానూ ఠప్పున తెరిచింది. కమిటీ సోడాలు తాగి, ఏకగ్రీవంగా దాన్నే ఎంచుకుంది. ముసలి చేతులకు పట్టు దొరకాలని దానికి మూరెడు ఇనపపిడి వేయించే భారం కూడా లక్ష్మణప్పే త్యాగబుద్ధితో నెత్తిన వేసుకున్నాడు.

కమిటీ పుణ్యమా అని కచేరి కాఫీ కూడా బాగుపడింది. అంతకుముందు వానల్లేక, పాడి లేక, కచేరిలో అందరూ నల్లకాఫీయే తాగేవారు. సభలు మొదలయ్యాక కాఫీ చిక్కగా, కమ్మగా రాసాగింది. అధ్యక్షులు ఆదెప్పను నలుగురిలో మెచ్చుకున్నారు. ఆదెప్ప వినయంగా చెంచా తుడిచి జేబులో పెట్టుకున్నాడు. డబ్బా సంగతి కనుక్కుందామని వచ్చిన అక్కయమ్మకు కూడా ఒకసారి గ్లాసు అందింది. ఉగాది తర్వాత పాలు కలిపిన కాఫీ ఆమె నోట పడటం అదే మొదలు. కళ్ళు చెమర్చాయి.

"చానా బాగుండాది నాయనా. పాలు యాడివి?"

"సర్కారువి అవ్వా" అన్నాడు ఆదెప్ప.

"నా డబ్బా తెరిచినాక నేనూ ఇట్లే కాసుకుంటా."

ఆఖరికి మంత్రిగారు వేంచేశారు. పందిరి వేశారు, ఓపెనర్‌కు పసుపూ కుంకుమా పెట్టారు. మంత్రిగారు కన్నడంలో మొదలుపెట్టి తెలుగులో ముగించిన ఉపన్యాసంలో, బలం లేని చేతులకు తమ ప్రభుత్వమే చెయ్యి అన్నారు. ఫొటో కోసం అక్కయమ్మ చేతిలో ఓపెనర్ పెట్టారు. ఆ బరువుకు మణికట్టు వాలిపోయి ఆమె "అమ్మా!" అంది. ఇద్దరు కార్యకర్తలు చెరోవైపు మోచెయ్యి పట్టి ఎత్తి ఉంచారు.

తర్వాత శాంపిల్ వచ్చింది. మంత్రిగారు దాన్ని ఒంటిచేత్తో ఎత్తి, "ముసలివాళ్ళ కోసం డబ్బాలు కూడా ఇంత తేలికగా చేయిస్తున్నారా!" అని బీడీవోగారి భుజం తట్టారు. ఓపెనర్ మొన అంచుకు తగిలిందో లేదో, నొక్కకముందే మూత ఊడి కిందపడి, దొర్లుకుంటూ జనంలోకి పోయింది.

పందిరి చప్పట్లతో అదిరిపోయింది.

"చూసినారా! బలమే అక్కర్లేదు!" అని రామచంద్రప్పగారు మైకులో అరిచారు. జిల్లా అంతటికీ అదే ఓపెనర్ చేయించమని మంత్రిగారు అక్కడికక్కడే ఉత్తరువు ఇచ్చారు. లక్ష్మణప్ప కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టాడు. ఆదెప్ప మంత్రిగారికి కాఫీ తెచ్చాడు. అది నల్లగా ఉంది.

అక్కయమ్మ డబ్బాలోకి తొంగిచూసింది. చెయ్యి పెట్టి అడుగంతా తడిమింది. వేళ్ళకు పొడి అంటలేదు. "అప్పా, ఇందులో..." అనబోయేసరికి మెడలో దండ పడింది. ఫొటోగ్రాఫరు నవ్వమన్నాడు.

సాయంత్రం మిట్టేమరిలో బస్సు ఆగితే, ఆమెకు బహూకరించిన ఓపెనర్‌ను కండక్టరే మోసుకొచ్చి ఇంటి ముందు దించి పోయాడు. వాకిట్లో కోడలు జయలక్ష్మమ్మ నిలబడి ఉంది.

"తెరిచినారా అత్తా?"

"తెరిచినారు. మంత్రే తెరిచినాడు."

అక్కయమ్మ వసారాలో చల్లారిపోయి ఉన్న తన పొయ్యి వైపు ఒకసారి చూసింది. తర్వాత చంకలోని ఆ డబ్బాను వంకర వేళ్ళతో, రెండు చేతులా పట్టుకుని, కోడలి ముందుకు చాపింది.

"రవ్వన్ని పాలుంటే పొయ్యమ్మా."