అరవైయా, వందా? మాక్రో లెన్సుపై ఒక తీర్మానం

కట్టంగూర్‌కు చెందిన శ్రవణ్ తన క్రాప్ సెన్సార్ కెమెరాకు, దగ్గరి వస్తువులను పెద్దవిగా చూపే మాక్రో లెన్సు ఎంచుకునే కార్యక్రమం విజయవంతంగా మూడో నెలలోకి ప్రవేశించినట్టు ఇందుమూలంగా తెలియజేయడమైనది.

అవసరం చిన్నదే. అతని తల్లి ఆండాళు నూలుకు ముందే ముడులు కట్టి, రంగులద్ది, మగ్గం మీద చిటికి చీర నేసింది. అచ్చు వేసిన నకిలీలతో విసిగిన బెంగళూరు దుకాణం వాళ్లు "నేతను దగ్గరినుంచి ఫొటో తీసి పంపండి, అసలుదైతే ఇరవై చీరలు నేయిస్తాం" అన్నారు. గడువు ఉగాది. ఆ పని రాకపోతే ఆండాళు మగ్గం విప్పేసి, హైవే పక్క హోటల్లో గిన్నెలు కడగడానికి పోవాలి. అందుకే శ్రవణ్ పొరపాటున తప్పు లెన్సు కొనకూడదని గట్టిగా నిశ్చయించుకున్నాడు.

అరవై మిల్లీమీటర్ల లెన్సు తేలిక, కానీ వస్తువు మీదికి వంగితే లెన్సు నీడే పడుతుంది. వందది దూరం నుంచి తీస్తుంది, కానీ చెయ్యి వణికితే బొమ్మ చెడుతుంది. పైగా క్రాప్ సెన్సార్ అంటే చిన్న సెన్సారు, దాని మీద అరవై తొంభైలా, వంద నూట యాభైలా కనిపిస్తుందట. ఈ లెక్క విన్నాక అతనికి రెండు రోజులు అన్నం సహించలేదు.

మాక్రో మిత్రమండలి అనే వాట్సాప్ గ్రూపును ఆశ్రయించాడు. గ్రూపు వెంటనే రెండు వర్గాలుగా చీలి తన బాధ్యత నెరవేర్చింది. అధ్యక్షులు, రిటైర్డు సూపరింటెండెంటు భిక్షపతి సారు అత్యవసర సభలో గంటసేపు ప్రసంగించారు.

"మిత్రులారా, మనం దగ్గరికి పోతే సీతాకోకచిలుక ఎగిరిపోతది. అందుకే వంద. గిది నా ఒక్కని మాట కాదు, సైన్సు మాట."

సభ్యుల్లో ఎవరూ ఏనాడూ సీతాకోకచిలుకను ఫొటో తీసి ఉండకపోవడం వల్ల చర్చ నిష్పక్షపాతంగా సాగింది.

ఇంటికొచ్చి శ్రవణ్ అధ్యక్షుల మాటనే తీర్మానంగా చదివి వినిపించాడు. "చీర యాడికి ఎగిరిపోతది బిడ్డా?" అంది ఆండాళు. ప్రశ్న సాంకేతికమైనది కానందున పరిశీలనకు నోచుకోలేదు.

గడువు రేపనగా ఆండాళు పక్కింటి స్వర్ణలతను పిలిచి, చీర కొంగు తిరగేసి పట్టుకుంది. అసలు చిటికికి రెండువైపులా రంగు ఒక్కటే. అచ్చుదైతే వెనక వెలిసిపోయి ఉంటుంది. నేసేవాళ్లింట్లో పుట్టిన శ్రవణ్‌కూ ఇది తెలుసు, కాకపోతే లెన్సుల సమీక్షల్లో ఎక్కడా ఆ ముచ్చట రాలేదు. స్వర్ణలత అద్దం పగిలిన ఫోనుతోనే రెండువైపులా ఫొటోలు కొట్టి పంపింది. సాయంత్రానికల్లా ఇరవై చీరలు ఖాయమయ్యాయి.

శ్రవణ్ సంతోషం పట్టలేక ఆ ఫొటోలు గ్రూపులో పెట్టాడు. నూట పద్నాలుగు మంది స్పందించారు. అందరూ అడిగింది ఒక్కటే, ఏ లెన్సు అని.

ఆండాళు పోగులు సరిచేస్తూ అడిగింది. "ఎవలు నేసిన్రని ఒక్కలన్న అడిగిన్రా?"

శ్రవణ్ ఆ స్పందనలను మళ్లీ మొదటినుంచి వెతికాడు. ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

ఇంతకీ అరవై మంచిదా, వంద మంచిదా తేల్చకుండా కథ ముగిస్తున్నారేమిటని విసుక్కుంటున్న పాఠకులకు మనవి. మిత్రమండలి సభ్యత్వానికి తమరు అన్నివిధాలా అర్హులు.