పన్నెండు కిలోమీటర్ల కారు

కారు ఉన్నది ఎక్కడానికి కాదు, చూడటానికి! ఈ సంగతి తెలియకనే లోకం ఇన్నాళ్లూ ఇంత పెట్రోలు తగలేసింది. నమ్మకం కుదరకపోతే సూరత్ పాండేసరలో బట్టలకు రంగులు వేసే మిల్లులో పనిచేసే పరుశురాంకు ఏం జరిగిందో వినండి.

2021 డిసెంబరులో హజీరా వైపు ఒక కార్ల కంపెనీ మ్యూజియం తెరిచింది. ఆ కార్ల సీట్ల గుడ్డకు రంగు వేసింది పరుశురాం మిల్లే. అందుకని, టీకా రెండు డోసులూ పడ్డ కార్మికులకు ఒక ఆదివారం ఉచిత ప్రవేశం దొరికింది. పరుశురాం తల్లి బుచ్చవ్వను వెంటబెట్టుకుని వెళ్లాడు.

గేటు దగ్గర నుదుటికి థర్మామీటర్ గురిపెట్టారు. శానిటైజర్ మూడుసార్లు పోశారు. చెప్పులకు ప్లాస్టిక్ సంచులు తొడిగారు. లోపల ఆరడుగులకొక పసుపు వృత్తం, అందులోనే నిలబడాలి. ఇంత క్రమశిక్షణ మన పెళ్లి భోజనాల దగ్గర ఏనాడైనా చూశామా?

తల్లీకొడుకుల మాటలు విని అదే ఊళ్లో ఆల్థాన్‌లో ఉండే తెలుగమ్మాయి, మ్యూజియం గైడు సాహిత్య, వాళ్లను తానే తిప్పి చూపిస్తానంది. నడి హాల్లో, తాడు కంచె వెనక, కంపెనీ మొట్టమొదటి కారు మెరుస్తోంది.

పరుశురాం చూపు సీటు మీద ఆగిపోయింది. ఆ బూడిద రంగు తను వేసిందే. షేడ్ కుదరలేదని మూడుసార్లు వెనక్కి పంపారు. కుదిరేసరికి అతని గోళ్లు కూడా అదే రంగుకు తిరిగాయి. జర ముట్టి చూస్తానని అడిగాడు. చేతి చెమటకు గుడ్డ పాడవుతుందని సాహిత్య సర్దిచెప్పింది. సబబే కదా! తడిగుడ్డలు మోసే చేతులకు ఆరిన గుడ్డతో ఏం పని?

ఇంతలో బుచ్చవ్వకు మోకాలు పట్టేసింది. కిందటేడు మే నెలలో, లాక్‌డౌన్‌కు మిల్లు మూతపడి, గది యజమాని ఖాళీ చేయమన్నప్పుడు, సొంతూరికని కొడుకు వెంట సూరత్ నుంచి ధూలే దాకా నడిచిన కాళ్లవి. రెండొందల కిలోమీటర్లు దాటాక గానీ ఉల్లిగడ్డల లారీ దొరకలేదు. నిమిషం సేపు ఆ సీట్లో కూర్చుంటానంది.

"కూర్చోకూడదు బామ్మగారూ. ఇది రోడ్డెక్కని కారు. మొత్తం తిరిగింది పన్నెండు కిలోమీటర్లే, అదీ కంపెనీ ఆవరణలోనే" అంది సాహిత్య గర్వంగా.

పరుశురాం మెల్లగా అడిగాడు. "మరి లాక్‌డౌన్ల దీన్ని ఎవలు చూసుకున్నరమ్మా?"

"అప్పుడూ రోజూ మనిషొచ్చి స్టార్ట్ చేసేవాడండీ. దీన్ని ఉంచిన గదిలో ఏసీ ఒక్కరోజు కూడా ఆపలేదు."

చూశారా పాఠకులారా, ఎంత బాధ్యత! ఆ గడ్డు రోజుల్లో మన దేశంలో ఎవరికీ ఏ లోటూ రాలేదనడానికి ఇంతకన్నా రుజువు కావాలా?

బుచ్చవ్వ మోకాలు పట్టుకుని పసుపు వృత్తంలోనే కూలబడింది. గార్డు లేపబోయాడు. పరుశురాం అడ్డం నిలబడి, ధూలే సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు. సాహిత్య వెళ్లి తన కుర్చీ తెచ్చి వేసింది.

కుర్చీలో కూర్చుని బుచ్చవ్వ ఆ కారును చాలాసేపు చూసింది.

"పైలంగ చూసుకున్నరు బిడ్డా. ఇంక గూడ దీన్ని నడిపియ్యకుండ్రి. కాళ్లు పోతయి."