డ్రమ్ములో మందు

ఆ సోమవారం పొద్దున్నే మిరపతోటకు మందు కొట్టించాలని బయల్దేరిన యలమందయ్య మోపెడ్ తాళం కోసం ఇల్లంతా వెతికాడు. తాళం ఆయన చేతిలోనే ఉంది. అది కొడుకు కోటేష్ కంట పడటమే కొంప ముంచింది.

"ఈ మతిమరుపుతో బండెట్లా నడుపుతావు నాన్నా? డాక్టరుగారిచ్చిన మందు నెల్లాళ్ళు వాడు. తర్వాత ఆయన జ్ఞాపకశక్తి పరీక్ష పెడతాడు. అందులో తప్పితే తాళం నాకిచ్చెయ్."

కోడలు బిందుమాధవి గొట్టం మాత్రల సీసా తెచ్చింది. "ఇందులో బతికున్న మంచి బాక్టీరియా ఉంటది మామయ్యా. పొట్ట బాగుంటే పెద్దవాళ్ళకి బుర్ర చురుగ్గా ఉంటదంట, చిరాకు కూడా తగ్గుద్దంట."

"నాకు చిరాకేంటి?" అని యలమందయ్య ఇల్లదిరేలా అరిచాడు.

బండి పోతే చేనికెళ్ళడానికి కూడా కొడుకు తీరిక కోసం కాచుకోవాలి. ఆ బతుకు తలుచుకుంటేనే ఆయనకు దిగులేసింది. నెల్లాళ్ళు ఆగే ఓపికా లేదు. అయినా సూక్ష్మజీవుల్ని పెంచడం పేడ, బెల్లం పులియబెట్టి చేనుకు జీవామృతం కలిపే మనిషికి ఒకరు చెప్పాలా? మర్నాడు పెరట్లో డ్రమ్ముడు బెల్లం నీళ్ళు కలిపి, ముప్పై మాత్రలూ విప్పి అందులో పోశాడు.

మూడో రోజుకి డ్రమ్ము నురగలు కక్కింది. వాసన వీధి చివరిదాకా పాకింది. భార్య పిచ్చమ్మ కంగారుపడి కొడుక్కి ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ నాన్న పెరట్లో మందు పులియబెడుతున్నాడురా."

కోటేష్ ఫోను స్పీకరులో ఉంది. మార్టూరులో అతను పనిచేసే రాళ్ళ పాలిష్ షెడ్డంతా ఆ మాట విన్నది. కోటేష్ ఇల్లు చేరేసరికి ఎస్సై పెరట్లో ఉన్నాడు.

"ఏంటిది పెద్దాయనా?"

"మందు."

"ఎవరికి?"

"నాకే. డాక్టరు రాసిచ్చాడు."

"డ్రమ్మెడా?"

"నెలకి సరిపడా."

పిచ్చమ్మ అడ్డమొచ్చింది. "ఆయనకి మతిమరుపండీ. ఆయన చెప్పేది రాసుకోకండి."

కొడుకు ఎదురుగా ఆ మాట యలమందయ్యకు చురుక్కుమని తగిలింది. పరీక్షేదో ఇక్కడే జరిగిపోతోందనిపించింది.

"ఎవరికే మతిమరుపు? రాసుకోండి సార్. బెల్లం పదకొండు కిలోలు. మంగళవారం పొద్దున తొమ్మిదింటికి లాల్ అహ్మద్ కొట్లో కొన్నా. ఒక అచ్చు దార్లోనే విరిగింది. ఇదిగో, ఈ మోపెడ్ మీదే తెచ్చా." బండి వైపు చూడకుండానే నంబరు కూడా గడగడా చెప్పేశాడు.

"చూశారా, మందు భలే పనిచేసింది," అని బిందుమాధవి మొగుడితో అంది. డ్రమ్ములోంచి మామగారు ఇంకా ఒక్క చుక్క కూడా తాగలేదని ఎవరికీ తట్టలేదు.

కోటేష్ డాక్టరు చీటీ చూపిస్తే, అదంతా విచారణలో తేలుతుందన్నాడు ఎస్సై. డ్రమ్ము పారబోయించి, సారా బెల్లం మోసిన వాహనమంటూ మోపెడ్‌ను ఆటోలోకి ఎక్కించాడు.

"ఇంక పరీక్ష అక్కర్లేదులే నాన్నా. తాళం నీ దగ్గరే ఉంచుకో," అన్నాడు కోటేష్.

ఆ తాళం ఎక్కడుందో యలమందయ్య ఇప్పుడు ఒక్కరోజు కూడా మరిచిపోవడం లేదు.