తూర్పు ముఖం వెబ్‌సైట్

హైస్కూలు గ్రంథాలయానికి మంజూరైన వెబ్‌సైట్ తూర్పు ముఖంగా, రెండు వైపులా రోడ్డుతో, బడి ప్రహరీని ఆనుకుని పడింది. అదృష్టమంటే ఈ బడిదేనని ఊరంతా అనుకున్నారు. పక్క మండలం బడి సైటు రొయ్యల చెరువులో పడిందట. అక్కడి పిల్లలు పడవెక్కి వెళ్లి చూసొస్తున్నారు.

ఇక్కడ గ్రంథాలయమంటే రెండు బీరువాలు. వాటికి అడ్డంగా మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు పేర్చి ఉంటాయి. ఇన్‌ఛార్జి తెలుగు టీచరు వకుళ. పిల్లల చేత కథల పుస్తకాలు చదివించాలని ఆవిడకు మహా కోరిక. కానీ పొద్దున్నే మరుగుదొడ్ల ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. తరవాత కోడిగుడ్ల ఫొటో. ఆ తరవాత పిల్లల బూట్ల కొలతలు. ఇవన్నీ తెమిలేసరికి లాంగ్‌బెల్ కొట్టేస్తారు. బస్తాలు జరిపించే తీరిక దొరక్క ఆవిడకు ఏడుపొచ్చేది. అందుకే సైటు పని నెత్తిన పడితే విసుక్కోకుండా సంబరపడింది.

పని పద్ధతి ప్రకారం సాగింది. సర్వేయరు వచ్చి హద్దురాళ్లు పాతించాడు. లేఔట్‌కి పంచాయతీ ఆమోదం తెచ్చారు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో లింకు డాక్యుమెంట్లు అడిగితే వకుళ అన్ని లింకులూ పట్టుకెళ్లి చూపించింది. ఒకటి రెండు తెరుచుకోలేదు గానీ గుమాస్తా మంచివాడు, సర్దుకుపోయాడు. వాస్తు సిద్ధాంతి సెర్చి పెట్టె ఈశాన్యంలో పెట్టించి, బరువైన ఫొటోలన్నీ నైరుతికి జరిపించాడు.

ఇక రాత మిగిలింది. ఇలాంటి సైట్లలో ఏం రాస్తే అది ఉంటుందన్నది అందరికీ తెలిసిందే కాబట్టి, వకుళ జాగ్రత్తగా "రెండు బీరువాలు" అని మొదలుపెట్టింది. వెనక నుంచి చూసిన హెడ్మాస్టరు వీర్రాజుగారు కంగారుపడ్డారు.

"అదేంటండీ టీచరుగారూ, బడి పరువు తీసేత్తారా ఏంటి? పైవోళ్లు చూసేదండీ అది. కాత్త ఘనంగా రాయండి."

"లేనివి రాయమంటారా అండీ?"

"ఉన్నవి రాయడానికి సైటెందుకండీ!"

వకుళకు ఆ మాట సబబుగానే తోచింది. చల్లటి పెద్ద గది, తిరిగే ఫ్యాన్లు, చాపలు, పిల్లల చేతికందే ఎత్తులో పుస్తకాలు రాసేసింది. ఇక లైబ్రేరియన్. ఆ పోస్టు రద్దయి చాలా కాలమైంది. అయినా, ఏ పనీ నెత్తిన లేకుండా, కసురుకోకుండా, అడిగిన కథ అడిగినన్నిసార్లు చెప్పే మనిషి అని రాసింది. పేరు ఖాళీగా వదిలితే పేజీ ఒప్పుకోలేదు.

"మీ పేరే ఏసేయండి," అన్నారు వీర్రాజుగారు.

మర్నాటికి అన్నీ లేచాయి. హోమ్ పేజీలో పాలు పొంగించి గృహప్రవేశం చేశారు. ముందుగా తోలిన ఆవు తిన్నగా వెళ్లి సెర్చి పెట్టెలో మూతి పెట్టింది, గడ్డి గురించిన పుస్తకాలన్నీ బయటికొచ్చాయి. పిల్లలు గోలగోలగా లోపలికి పరుగెత్తి, క్షణంలో చాపల మీద బోర్లా పడుకుని చదవడం మొదలుపెట్టారు. మధ్యలో, వకుళ కట్టుకున్నలాంటి చీరే కట్టుకున్న ఇంకో వకుళ తాపీగా కథ చెబుతోంది. గుడ్ల ఫొటో ఇంకా పంపలేదు కాబట్టి అసలావిడ గుమ్మంలోనే నిలబడి కళ్లు తుడుచుకుంది. ఇంత సంతోషం తన ఉద్యోగంలో ఎన్నడూ ఎరగదు.

వారం తిరక్కుండా డివిజన్ అధికారి తనిఖీకి వచ్చాడు. అంతా చూసి తెగ మెచ్చుకున్నాడు.

"వకుళ గారు సైట్‌లో ఉన్నారు. పోస్టు ఒకటే. అంచేత ఇక్కడ మీరు సర్‌ప్లస్ అవుతారమ్మా," అన్నాడు.

"ఆవిడా నేనూ ఒకటే కదండీ?"

"ఆవిడ పిల్లలకి కథలు చెబుతున్నారు. మీరు గుడ్లు లెక్కెడుతున్నారు. టీచరెవరో మీరే చెప్పండి."

వకుళకు ఈ మాటా సబబుగానే తోచింది. సర్‌ప్లస్ అయినవాళ్లను ఖాళీలున్న చోటికి పంపాలని నిబంధన. ఆ బడిలో ఖాళీలన్నీ పిల్లల బెంచీల్లోనే ఉన్నాయి.

ఆవిడ ఫోను వీర్రాజుగారి చేతిలో పెట్టి, చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. ఆరో తరగతి ఆడపిల్లల పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కథ చెబుతున్న వకుళ ఆగి, "కాస్త జరగండమ్మా, కొత్తమ్మాయికి చోటివ్వండి," అని మొదటి నుంచీ ఎత్తుకుంది. ఇన్నేళ్లకు ఒకరు తనకు కథ చెబుతున్నారు. వకుళకు ఒళ్లు పులకరించింది. "తరవాతేమైందండీ?" అని అందరికంటే గట్టిగా అడిగింది.

సర్కారు బడిలో పిల్లల సంఖ్య పెరగడం ఆ డివిజన్‌లో ఎవరూ విని చాలా కాలమైంది. అధికారి వీర్రాజుగారి చెయ్యి పట్టుకుని ఊపేసి, ఇలాగే పెంచుకుంటూ పొమ్మని చెప్పి జీపెక్కాడు. ఆ సాయంత్రం వీర్రాజుగారు కుర్చీ లాక్కుని, మిగతా టీచర్ల పేర్లన్నీ వరసగా సైట్‌లోకి ఎక్కించారు. ఆఖరున తన పేరూ చేర్చి, ఏ తరగతిలో కూర్చుంటే బాగుంటుందా అని హాయిగా ఆలోచించసాగారు.