గుమ్మం దాటని అవ్వ

ఆ ఉదయం ప్రోగ్రామర్ పెట్టుకున్న పని ఒక్కటే: వీడియో గేములో అవ్వను గుమ్మం దాటించడం. ఆరేళ్ళుగా అతను కోడ్ రాస్తుంటే, కాలేజీనాటి స్నేహితురాలు బొమ్మలు గీస్తోంది. సాయంత్రం నాలుగింటికి గేముల కంపెనీ పెద్దావిడ చూడటానికి వస్తోంది. ఆవిడకు నచ్చకపోతే ఇద్దరూ వేరే ఉద్యోగాలు వెతుక్కోవాల్సిందే. అవ్వ మాత్రం కొప్పు గుమ్మానికి తగిలి, ఉన్నచోటే కాళ్ళాడిస్తోంది.

"తలుపు కాస్త పెద్దది చెయ్యవా?" అన్నాడతను కళ్ళు నలుపుకుంటూ.

చేసింది. తలుపు పెరిగేసరికి ఇల్లు చిన్నదైపోయింది, ఇల్లు పెంచింది. దాంతో వీధి ఇరుకైంది. వీధినీ, వెనక కొండనీ పెంచింది. మధ్యాహ్నానికి అవ్వ చీమంతయింది. తన కోడే తప్పిందనుకుని అతను అవ్వను పెంచాడు. కొప్పు మళ్ళీ గుమ్మానికి తగిలింది.

"ఆ కొప్పు తీసేస్తే పోలా?" అన్నాడు.

"మా అమ్మమ్మ కొప్పది! నా బొమ్మలంటే నీకు మొదట్నుంచీ చిన్నచూపే."

"నాకా? నువ్వు గీసిన ప్రతి ఆకూ కదిలించిందెవరు?"

"కదిలించమని ఎవరేడ్చారు?" అని ఆమె విసురుగా పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

అతను తెరకేసి చూస్తూ కూలబడ్డాడు. కొప్పులో ఒక్కో వెంట్రుకా విడిగా గీసి ఉంది. అమ్మమ్మ పోయిన నెలంతా ఆమె చేసిన పని అదొక్కటే. సిగ్గేసింది. కొప్పు ముట్టుకోకుండా తలుపునే నాలుగింతలు చేశాడు. చెప్పడానికి మొహం చెల్లలేదు.

నాలుగింటికి పెద్దావిడ ఆట మొదలుపెట్టింది. తెర మీద కోటగుమ్మమంత తలుపు. దాని ముందు పిల్లికూనంత అవ్వ. గడియ ఎక్కడో ఆకాశంలో ఉంది. అవ్వ ఎగిరింది. అందలేదు. మళ్ళీ ఎగిరింది.

"అవ్వను తగ్గించావా?" గొణిగాడతను.

"నీకోసమే. తలుపు పెంచావా?"

"నేనూ నీకోసమే."

పెద్దావిడ పగలబడి నవ్వింది. "అర్థమైంది! ఈవిణ్ణి ఇంకొకరు ఎత్తి పట్టుకోవాలి. ఇద్దరు కలిసి ఆడే ఆటన్నమాట! మాకిలాంటిదే కావాలి. రెండో ఆవిడేదీ?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వస్తోందండీ," అన్నారు ఒకేసారి.

ఆ రెండో అవ్వ రావడానికి మరో మూడేళ్ళు పట్టింది.