సిరిల్ వేలు తెగిన ఉదయం

శనివారం ఉదయం కాఫీ తాగుతూ సిరిల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య మల్కా మధ్యాహ్నం దాకా ఊరి అగ్నిమాపక దళం హాల్లో మిగతా ఆడవాళ్ళతో కలిసి మర్నాటి వేడుకకు పిండివంటలు చేస్తూ ఉంటుంది. ఆమె తిరిగి వచ్చేలోగా షెడ్డులోని లేత్ మిషను, అంటే చెక్కను తిప్పుతూ చెక్కే యంత్రం, తుడిచి, నూనె వేసి, అరిగిపోయిన బెల్టు మార్చి, సగంలో ఆగిన గిన్నె పూర్తి చేసేయాలి. ఆదివారం మల్కా నామదినం, ఆమె పేరు గల పుణ్యస్త్రీ పండుగ రోజు. గాలివానకు పెరట్లో బేరిచెట్టు కూలినప్పుడు ఆమె చాలారోజులు పెరటి కిటికీ వైపే చూడలేదు. ఆ చెట్టు మొదట్లోంచి ఒక దుంగను సిరిల్ రహస్యంగా దాచి, ఎండబెట్టి, గిన్నెగా మలుస్తున్నాడు.

బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక ఆయన పట్టుకున్న విద్య అది. ఆ విద్యంటే మల్కాకు భయం.

"నేను ఇంట్లో లేనప్పుడు మిషను తిప్పకు," అంది చెప్పులు వేసుకుంటూ.

"తుడిచి నూనె వేస్తానంతే."

"ఆ స్వెట్టర్ విప్పెయ్. దాని చేతులు వేలాడుతున్నాయి. మిషనుకు చిక్కిందంటే నిన్ను కూడా దారంలా చుట్టేస్తుంది. ఉంగరం కూడా తీసెయ్."

"అలాగే తల్లీ!"

ఈ రెండూ ఆయన బుద్ధిగా పాటించాడు. స్వెట్టర్ మేకుకు తగిలించి, పెళ్ళి ఉంగరం కిటికీ గట్టు మీద పెట్టాడు. ప్లగ్గు పీకాడు. మిషను పట్టాల మీద పేరుకున్న చెక్కపొట్టు అంతా దులిపి నూనెగుడ్డతో తుడిచాడు. పాత బెల్టు లాగితే చేతిలోనే తెగిపోయింది. కొత్తదాన్ని పుల్లీ చక్రం మీదికి ఎక్కించబోతుంటే రెండింటి మధ్యా చూపుడువేలు నలిగింది.

"అమ్మో, నా వేలు!" అని అరిచాడు. అరుపు వేలికి తగినదానికంటే పెద్దదే. చేతికందిన గుడ్డ చుట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చి చెయ్యి విదిలించాడు. ముందురోజు మిషను కాళ్ళకు తుప్పు పట్టకుండా ఎర్రరంగు పూసినప్పుడు తుడిచిన గుడ్డ అది.

కంచె అవతల బీన్స్ కోస్తున్న పక్కింటి టోంచ్కా ఆ గుడ్డ చూసి బుట్ట వదిలేసింది.

"సిరిల్! ఏమైందయ్యా?"

"ఏం లేదులే టోంచ్కా. పాతది తెగిపోయింది."

"తెగిపోయిందా!"

"ఎప్పుడో ఒకప్పుడు తెగాల్సిందేగా, అరిగిపోయింది. కొత్తది తెప్పించి ఉంచాను. ఇప్పుడే ఎక్కించేస్తా. మల్కాకి మాత్రం చెప్పకు, ఊరికే కంగారుపడుతుంది."

టోంచ్కా ఇంకేమీ అడగలేదు. ఇంట్లోకి పరిగెత్తి హాల్‌కి ఫోన్ చేసింది. "వేలు తెగిపోయింది! కొత్తది ఎక్కించుకుంటానంటున్నాడు, పాపం మతి కూడా పోయింది!" ఫోన్ ఎత్తినావిడ పిండిచేతులతో వంటింట్లోకి వెళ్ళేసరికి వేలు చెయ్యి అయింది. వంటింట్లోంచి ఆవరణలోకి చేరేసరికి చెయ్యి భుజం దాకా పోయింది. ఆవరణలో మర్నాటి వేడుక కోసం బండి కడుగుతున్న దళనాయకుడు లుడ్విక్, మల్కాకు స్వయానా తమ్ముడు. "బావా!" అంటూ బండెక్కాడు. సైరన్ మోగింది.

సైరన్ సిరిల్‌కి వినపడలేదు. అప్పటికి ఆయన బెల్టు ఎక్కించి, మూత బిగించి, ప్లగ్గు పెట్టి, గిన్నెను మిషను పట్టు అయిన చక్‌లో బిగించాడు. ముఖానికి అద్దపు తొడుగు దించి, చెవులకు మోత వినపడకుండా డిప్పలు పెట్టుకుని మీట నొక్కాడు. మిషను కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. కదల్లేదు. తీగ ఎక్కడో ఊడి ఉంటుందనుకుని మిషను కిందకు దూరాడు.

షెడ్డు తలుపు తోసుకుని వచ్చినవాళ్ళకు రెండు కాళ్ళు మాత్రం కనిపించాయి.

"తలేదీ?" అన్నాడు లుడ్విక్.

"మిషను కింద ఉంది," అన్నాడు వంగి చూసిన సభ్యుడొకడు.

"వేరుగానా?"

"కాదన్నా, అతుక్కునే ఉంది!"

ఇద్దరు చెరో కాలూ పట్టుకుని లాగారు. సిరిల్ తన్నాడు. తన్నగలుగుతున్నాడంటే బతికే ఉన్నాడని అందరూ సంతోషించి, మరింత గట్టిగా పట్టుకుని స్ట్రెచర్‌కి కట్టేశారు. టోంచ్కా గడ్డకట్టిన బఠానీల సంచి పట్టుకుని వచ్చింది.

"వేలు ఇందులో పెట్టండి, చెడిపోకుండా ఉంటుంది. వెతకండయ్యా, చూస్తారేం?"

నలుగురు మోకాళ్ళ మీద కూర్చుని పొట్టు జల్లెడ పట్టసాగారు. తోపులాటలో కిటికీ గట్టు మీది ఉంగరం పొట్టులో పడింది. అది ఒకడికి దొరికింది. "ఉంగరం దొరికింది... వేలే లేదు," అన్నాడు నీరసంగా. సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి వచ్చిన మల్కా తలుపు పట్టుకుంది.

తర్వాత నేరుగా స్ట్రెచర్ దగ్గరికి వెళ్ళి, చెవుల డిప్పలు పీకేసి, పిండి అంటిన చేతులతో ఆయన చేతులు తీసుకుని ఒక్కో వేలూ తడిమింది.

"అన్నీ ఉన్నాయే!"

"ఉండక ఎక్కడికి పోతాయి?" అన్నాడు సిరిల్. "ఏంటిది? నన్నెందుకు కట్టేశారు?"

"మరి తెగిందన్నావుగా?" అంది టోంచ్కా, కాస్త నిరాశగా.

"తెగింది బెల్టు తల్లీ, బెల్టు!"

షెడ్డు నవ్వులతో దద్దరిల్లింది. కట్లు విప్పారు. మల్కా మాత్రం నవ్వలేదు. మిషను మీది గిన్నెనే చూస్తోంది.

"అది మన బేరిచెట్టు కదూ?"

"నీ నామదినానికని..." సిరిల్ మిషను దగ్గరికి వెళ్ళాడు. "చూడు, ఎంత గట్టి చెక్కో!" అని గర్వంగా వేలి కణుపుతో గిన్నెను తట్టాడు.

ఖంగుమని మోగాల్సిన గిన్నె పగిలిన కుండలా టక్కుమంది. మరోసారి తట్టాడు. అదే చప్పుడు. ఊడదీసి వెలుగులో తిప్పి చూశాడు. అంచు నుంచి అడుగు దాకా వెంట్రుకలాంటి పగులు. తిప్పేముందు తట్టి చూడాలని ఆయనకు తెలుసు. తొందరలో చూడలేదు. అనుమానం వచ్చి బెల్టు మూత తెరిచాడు. పుల్లీకి ఉన్న గాళ్ళలో అన్నిటికంటే వేగంగా తిప్పే గాడిలోకి బెల్టును పొరపాటున ఎక్కించాడు.

"కరెంటు ఎవరు ఆపారు?" అన్నాడు నెమ్మదిగా.

"నేనే బావా. రాగానే ఇంటి గోడ మీది మెయిన్ ఆపేశా. అదే మా పద్ధతి."

"నేను మీట నొక్కాను. రెండుసార్లు నొక్కాను."

అందరికీ అర్థమైంది. ఆ వేగానికి పగిలిన గిన్నె ముక్కలై ఎగిరేది. ఎదురుగా ఉన్నది ఆయన ముఖం. తొడుగుకున్న పల్చటి అద్దం వాటిని ఆపేది కాదు. సిరిల్ ఇందాకటి స్ట్రెచర్ మీదే, ఈసారి ఎవరూ కట్టకుండానే, కూలబడ్డాడు. మల్కా పక్కన కూర్చుని ఆయన చెయ్యి వదల్లేదు.

ఆయన తలెత్తి టోంచ్కాను చూశాడు.

"నీ చెవులకో దండం తల్లీ. సగమే విన్నావు కాబట్టి నేను పూర్తిగా మిగిలాను."

"వెటకారమా?"

"ఒట్టు. ఇకమీదట నేను అరిస్తే ముందు ఫోన్ చెయ్యి, తర్వాత అడుగు."

టోంచ్కా కళ్ళు తుడుచుకుని, బఠానీల సంచి ఆయన నలిగిన వేలి మీద పెట్టింది. ఉదయం నుంచీ ఆ వేలికి జరిగిన మొదటి చికిత్స అదే. లుడ్విక్ మనుషులు ఒక్కొక్కరూ వచ్చి భుజం తట్టి వెళ్తుంటే, సిరిల్ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు, గట్టిగా కాలు లాగినవాడితో సహా.

"మళ్ళీ దీన్ని మిషను మీద పెట్టావంటే నీ వేళ్ళు నేనే విరుస్తా," అంటూ మల్కా ఆ గరుకు గిన్నెను ఒళ్ళోకి తీసుకుంది. ఇంట్లోకి తీసుకెళ్ళి, హాలు నుంచి తెప్పించిన, జున్ను పెట్టి చుట్టిన వేడి పిండివంటలు అందులోనే పేర్చి అందరికీ పెట్టింది. పగులు ఉన్నవైపును తనవైపు తిప్పుకుని పట్టుకుంది.

సోమవారం పక్క ఊళ్ళో రొట్టెల దుకాణంలో ముక్కూమొహం తెలియని ఒకావిడ సిరిల్ చెయ్యి పట్టుకుని చూపుడువేలు అటూ ఇటూ తిప్పి చూసింది. "జిల్లా ఆసుపత్రిలో ఎంత బాగా అతికించారండీ! కుట్టు కూడా కనపడట్లేదు!" అంది. వరసలో ఉన్నవాళ్ళంతా వంగి చూశారు. ఒకరి నోటిమాట వల్ల బతికి బయటపడ్డవాడికి ఇంకొకరి మాట దిద్దడం సబబు అనిపించలేదు. సిరిల్ వినయంగా తల ఊపి, రొట్టె తీసుకుని బయటికి వచ్చాడు.

ఆ వారం జిల్లా ఆసుపత్రికి చాలా మంచి పేరు వచ్చింది.