అటు ఎగరాల్సిన పిట్టలు

ఆ ఉదయం మరిది వేసుకున్న పథకం చాలా చిన్నది. వీడియోని పెన్‌డ్రైవ్‌లో వేసుకోవడం, హాలుకి వెళ్ళి ఇచ్చేయడం, సాయంత్రం దాకా కాళ్ళు బారజాపుకుని పడుకోవడం. కంపెనీల ప్రకటనల్లో అక్షరాలని గింగిరాలు తిప్పడమే అతని ఉద్యోగం. అలాంటివాడు సెలవులన్నీ ఖర్చుపెట్టుకుని, వదిన నాట్యం కోసం పిట్టల్ని ఎగరేశాడు. ఆమె వేదిక మీద చెయ్యి చాచినప్పుడల్లా, వెనక తెర మీద సరిగ్గా ఆ చేతి పక్కనుంచే ఒక పిట్ట లేవాలి.

మోకాలికి ఆపరేషన్ అయ్యాక వదిన వేదిక ఎక్కడం ఇదే మొదటిసారి. "ఈసారి జనం నవ్వారంటే మళ్ళీ స్టేజీ మొహం చూడను" అని ముందే చెప్పేసింది. ఆమె అన్నదంటే అన్నదే.

హాలు ముందుగా దొరకలేదు కాబట్టి సాధన అంతా ఇంట్లోనే సాగింది. భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, దానికి ఎదురుగా నిలబడి ఆమె ఆడేది. మరిది ఆమె వెనక నిలబడి చూసేవాడు. పిట్ట ఎటు లేస్తే చెయ్యి అటే లేచేది. ఇద్దరికీ చెప్పలేనంత తృప్తి.

గుమ్మం దాటబోతుంటే అన్నయ్య అడ్డం పడ్డాడు. అందరి పనుల్లోనూ వేలుపెట్టి, పెట్టినందుకు మెప్పు ఆశించే మనిషి.

"ఒరేయ్, ఆ హాల్లో ప్రొజెక్టర్ తెర వెనక ఉంటుందిరా. అటునుంచి వేస్తే ముందు కూర్చున్నవాళ్ళకి బొమ్మ కుడిఎడమలు మారి కనిపిస్తుంది. ఆ సంగతి చూసుకున్నావా?"

మరిది గుమ్మంలోనే ఆగిపోయాడు. "ముందే చెప్పచ్చుగా అన్నయ్యా?"

"నువ్వు అడిగితేగా."

మరిది మళ్ళీ చెప్పులు విప్పి, వీడియో మొత్తాన్ని కుడిఎడమలు మార్చి తయారుచేశాడు. అది అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. పడుకునే పథకం అక్కడితో సరి.

హాల్లో ప్రొజెక్టరాయన మహా నెమ్మదస్తుడు, అడిగినదానికే జవాబు చెప్పే రకం. వీడియో వేయగానే తెర మీద "రెక్కలు" అన్న పేరు కుడిఎడమలు తిరగబడి ప్రత్యక్షమైంది. వెనకనుంచి వేసేదే కదా అని ఆయన తన యంత్రంలో బొమ్మని ఏనాడో తిప్పి పెట్టుకున్నాడు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"కాసేపు ఆగండి, మార్చుకొస్తాను" అంటూ మరిది లాప్‌టాప్ పట్టుకుని ప్లగ్గు ఉన్న మూలకి పరిగెత్తాడు. అతను అటు వెళ్ళగానే అన్నయ్య ఇటు వచ్చాడు.

"వాడు పాపం అలిసిపోయాడండీ. మీ మిషన్లోనే తిప్పేయండి."

ఆయన తిప్పేశాడు. మరిది మార్చిన వీడియో తెచ్చి వేశాడు. "రెక్కలు" తిరగబడే ఉంది.

మరిదికి మతిపోయింది. సరే, హాలుకి మొదట తెచ్చిన వీడియోనే వేద్దామని వెతుకుతుంటే, తనవల్లే తేడా వచ్చిందనుకుని ప్రొజెక్టరాయన చప్పుడు చేయకుండా యంత్రాన్ని మునుపటిలాగే పెట్టేశాడు. సన్నటి సందులో ఎదురుపడిన ఇద్దరు, దారివ్వబోయి మళ్ళీ మళ్ళీ ఒకే పక్కకి జరిగినట్టయింది. తెర మీద అక్షరాలు మాత్రం కదల్లేదు. చివరికి అసలు విషయం బయటపడింది.

"ఇద్దరం ముట్టుకుంటే ఇది తెమలదండీ. ఎవరో ఒక్కరమే మారుద్దాం" అన్నాడు మరిది.

"అంతే సార్."

ఆ ఒక్కరు ఎవరో తేల్చుకునేలోపు గంట మోగింది, తలుపులు తెరుచుకున్నాయి, జనం లోపలికి వచ్చేశారు.

దీపాలు ఆరాక, వీడియో మొదలుపెట్టి హాల్లో తన పక్కకి వచ్చి కూర్చున్న ప్రొజెక్టరాయన్ని మరిది గుసగుసగా అడిగాడు. "మార్చేశారు కదండీ?"

"మీరు మారుస్తారనుకున్నాను సార్."

అప్పటికే తెర మీద అక్షరాలు తిరగబడి వెలిగాయి. ముందు వరసలో ఒక పెద్దాయన కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు పక్కవాళ్ళకి పాకింది. తెరకి వీపు పెట్టి నిలబడ్డ వదినకి ఎందుకు నవ్వుతున్నారో తెలియదు. ఆమె మొహం బిగుసుకుపోయింది. అన్నయ్య లేవబోయాడు.

"ఉండరా, నేను వెళ్ళి చెప్పి..."

"నువ్వు ఇంకేమీ సాయం చెయ్యకు" అని మరిది అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

మొదటి పిట్ట లేచింది. ఎడమనుంచి రావలసినది కుడినుంచి లేచింది. మరిది కళ్ళు మూసుకోబోయాడు. కానీ అదే క్షణంలో వదిన చెయ్యి కూడా అటే సాగింది. పిట్ట ఆమె వేళ్ళ చివర్లనుంచే పుట్టినట్టుంది. రెండోదీ అంతే. మూడో పిట్టకి హాల్లో నవ్వు చచ్చిపోయింది. ఆఖరున ఆమె ఆపరేషన్ అయిన మోకాలి మీదే నేలకి ఒరిగి, గిర్రున తిరుగుతూ లేచి రెండు చేతులూ చాచింది. గుంపు గుంపంతా ఒక్కసారిగా ఎగిరింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మరిది సిగ్గుపడకుండా ఏడ్చాడు.

తెర వెనక్కి పరిగెత్తుకెళ్ళి, "పిట్టలు తారుమారయ్యాయని నీకెలా తెలిసింది వదినా? అప్పటికప్పుడు ఎలా మార్చుకున్నావు?" అని అడిగాడు.

"నేనేం మార్చలేదే. ఇంట్లో ఎలా ఆడానో అలాగే ఆడాను."

అప్పుడు వెలిగింది మరిదికి. ఇంట్లో తెర ఆమెకి ఎదురుగా ఉండేది, ఇక్కడ వీపు వెనక ఉంది. మనిషి వెనక్కి తిరిగాక కుడిచెయ్యి అదే వైపు ఎందుకుంటుంది? వీడియో సరిగ్గా పడి ఉంటే ప్రతి పిట్టా ఆమె చాచని చేతి పక్కనుంచి లేచేది. హాలు హాలంతా పడీపడీ నవ్వేది.

ముందు వరస పెద్దాయన వెతుక్కుంటూ వచ్చాడు. "పేరుని అద్దంలో నీడలా తిప్పి చూపించారే, ముందు అర్థంకాక నవ్వాను. ఎంత ఆలోచన బాబూ."

"అదంతా ముందే అనుకున్నదేనండీ" అన్నాడు అన్నయ్య.

వదిన మోకాలు రాసుకుంటూ, పైకి చూసి హాయిగా నవ్వింది. ఆ నవ్వు చూశాక మరిదికి అన్నయ్య మీద కోపం కూడా మిగల్లేదు.

మర్నాడే ఇంకో హాలువాళ్ళు పిలిచారు. మరిది వాళ్ళకి పెట్టిన షరతు ఒక్కటే: వీడియో తిరగబడి కనిపిస్తుంది, మా అన్నయ్య వచ్చి బతిమాలినా దాన్ని ఎవరూ సరిచేయకూడదు.